మంచాన ఉన్న అమ్మను ఒత్తిగిలించడం, మూత్రం గొట్టం చుట్టూ కారడం: సలహా కావాలి

తెనాలి_వసంత
సోమవారం, ఉదయం 5:50

అందరికీ నమస్కారం. మా అమ్మకు 68 ఏళ్లు. ఐదు వారాల క్రితం పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. ఆసుపత్రిలో 23 రోజులు ఉంచి ఇంటికి పంపారు. ఇంటికి వచ్చి 12 రోజులయింది. ముక్కులో వేసిన గొట్టం తీసేశారు. అన్నం మెత్తగా కలిపి పెడితే నెమ్మదిగా తింటోంది, మాట ముద్దగా వస్తున్నా ఏం కావాలో చెప్పగలుగుతోంది. మూత్రం గొట్టం మాత్రం అలాగే ఉంచి పంపారు. పగలు ఒక ఆయమ్మ వస్తుంది, రాత్రిళ్లు నేనొక్కదాన్నే చూసుకుంటాను.

నిన్న ఒళ్లు తుడుస్తుండగా నడుము దిగువన, పిరుదుల చీలిక మొదలయ్యే చోట, రూపాయి బిళ్లంత మేర కందినట్టు కనబడింది. కుడి తొడ వెనక వైపు పెన్సిలు పెట్టి అదిమినట్టు పొడుగాటి గాడి ఒకటి ఉంది, అది దేనివల్ల పడిందో నాకు అంతుబట్టలేదు. వీటికి తోడు మూడు రోజులుగా మూత్రం సంచిలోకి సరిగా దిగకుండా గొట్టం చుట్టూ కారి పక్క తడిసిపోతోంది. గొట్టం సన్నమైనది వేశారు, లావుది వేయించమని ఆయమ్మ అంటోంది. గాలి పరుపు కొన్నాం, కూర్చోబెట్టేటప్పుడు కింద పెట్టే గాలి రింగు కూడా తెమ్మని పక్కింటివారు చెప్పారు. వీటిలో ఏది ముందు చూసుకోవాలో, ఏది ఆగవచ్చో తెలిసినవారు చెప్పగలరు.

నైట్‌డ్యూటీ_సిస్టర్
సోమవారం, ఉదయం 7:35

వసంతగారూ, డ్యూటీ దిగి బస్సులో కూర్చుని రాస్తున్నాను. హైదరాబాదులో న్యూరో వార్డులో 14 ఏళ్లుగా పని చేస్తున్నాను. సలహా చెప్పే ముందు కొన్ని అడగాలి. మంచం గోడకు ఆనించి వేశారా? సంచిని ఎటు వైపు, దేనికి తగిలిస్తున్నారు? కందిన చోట వేలితో నొక్కి వదిలితే ఒక్క క్షణం పాలిపోయి మళ్లీ రంగు వస్తోందా, లేక నొక్కినా అలాగే ఉంటోందా? అమ్మగారికి విరేచనమై ఎన్ని రోజులయింది? రోజులో ఎంతసేపు, ఎంత ఎత్తున కూర్చోబెడుతున్నారు?

మీరు జవాబు రాసేలోపు ఒక్క విషయం గుర్తుంచుకోండి. సంచిలోకి మూత్రం పూర్తిగా ఆగిపోయి పొత్తికడుపు ఉబ్బినా, చలితో జ్వరం వచ్చినా, మూత్రంలో రక్తం గడ్డలు కనబడినా, ఉన్నట్టుండి మనిషి మగతగా అయిపోయినా ఇక్కడ ఎవరి జవాబు కోసమూ చూడకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లండి.

తెనాలి_వసంత
సోమవారం, ఉదయం 9:10

సిస్టర్, జ్వరం లేదు, సంచిలోకి కొంత వస్తూనే ఉంది. మంచం గోడకు ఆనించే వేశాం. అమ్మ ఎడమ పక్క గోడ, కుడి పక్క మేము నిలబడే చోటు. ఎడమ వైపు పట్టు లేదు గనుక గోడ ఉంటే పడిపోదని అలా వేశాం. సంచిని ఎప్పుడూ కుడి వైపు రెయిలింగుకే తగిలిస్తాం, గోడ వైపు తిప్పేటప్పుడు దాన్ని తీసి అమ్మ పొట్ట మీద పెట్టి, తిప్పాక మళ్లీ తగిలిస్తాం. మీరు చెప్పినట్టు నొక్కి చూశాను, రంగు మారలేదు. విరేచనమై నాలుగు రోజులు దాటింది. సాయంత్రం ఆరున్నర నుంచి తొమ్మిదిన్నర దాకా, అంటే సీరియళ్లు అయ్యేదాకా, మంచం తల వైపు బాగా ఎత్తి కూర్చోబెడతాం. ఆ మూడు గంటలే ఆమెకు కాస్త ఊరట.

నైట్‌డ్యూటీ_సిస్టర్
సోమవారం, మధ్యాహ్నం 3:20

నిద్ర లేచి రాస్తున్నాను, కాస్త పొడుగవుతుంది.

ముందు తొడ మీద గాడి సంగతి. అది గొట్టం చేసిన గాడి. వెల్లకిలా పడుకున్నప్పుడు గొట్టం కుడి తొడ కిందుగా వెళ్లి రెయిలింగు దాకా పోతోంది, తొడ బరువంతా దాని మీద పడుతోంది. చర్మం నొక్కుకుపోతోంది, గొట్టమూ నొక్కుకుపోతోంది. దారి మూసుకుపోయిన మూత్రం పక్కనుంచి కారక ఏం చేస్తుంది? కాబట్టి మీరు వేర్వేరుగా రాసిన రెండు సంగతులు నిజానికి ఒకటే. గొట్టం ఎప్పుడూ తొడ మీదుగానే వెళ్లాలి, తొడ కిందుగా ఎన్నడూ వెళ్లకూడదు. తొడ పైభాగంలో మైక్రోపోర్ టేపుతో అంటించండి. అంటించిన చోటికీ మూత్రద్వారానికీ మధ్య కాలు కదిపినా లాగకుండా ఉండేంత వదులు ఉంచండి. గొట్టం జారిపోకుండా దాని లోపలి కొసన ఉండే చిన్న బెలూన్‌లో 10 మి.లీ. నీరు ఉంటుంది, బయట గొట్టం లాగితే ఆ బెలూన్ మూత్రాశయం మెడను లాగుతుంది. రోగికి మూత్రం వస్తున్నట్టే అనిపించి లేవబోవడం చాలాసార్లు ఈ లాగుడు వల్లనే.

ఇక సంచిని పొట్ట మీద పెట్టడం ఈ రోజుతో ఆపేయాలి. సంచి మూత్రాశయం కంటే ఎత్తుకు వచ్చిన క్షణంలో, గంటల తరబడి సంచిలో నిలవున్న మూత్రం గొట్టంలోంచి వెనక్కి పారుతుంది. వార్డులో కొత్తగా చేరిన పిల్లలు కూడా ఈ తప్పే చేస్తారు, స్ట్రెచరు మీదికి మార్చేటప్పుడు సంచిని రోగి కాళ్ల మధ్య పడేస్తారు. తిప్పే ముందు సంచి ఖాళీ చేసి, మనిషి ఏ వైపు ముఖం పెట్టబోతోందో ఆ వైపుకు కిందుగా తీసుకువెళ్లి మంచం చట్రానికి తగిలించాలి. రెయిలింగుకు వద్దు, రెయిలింగును ఎత్తి దించినప్పుడల్లా సంచి కూడా ఎక్కి దిగుతుంది. తప్పనిసరిగా ఒంటి మీదుగా దాటించవలసి వస్తే, గొట్టాన్ని ఆ కొద్ది సెకన్లు వేళ్లతో మడిచి పట్టుకుని దాటించి వెంటనే వదిలేయండి. క్లిప్పు వేసి మరిచిపోయిన కేసులు నేను చూశాను.

ఇదంతా జరగాలంటే గోడ వైపు కూడా మనిషి నిలబడగలగాలి, సంచి వేలాడగలగాలి. అందుకే మొదటి ప్రశ్నగా మంచం సంగతి అడిగాను. మంచాన్ని గోడ నుంచి రెండడుగులు లాగండి, పడిపోతుందన్న భయం ఉంటే ఆ పక్కన కూడా రెయిలింగు బిగించండి.

కందిన మచ్చ నొక్కినా రంగు మారడం లేదంటే అది పడక పుండుకు మొదటి దశ. చర్మం ఇంకా తెగలేదు గనుక వెనక్కి తిప్పగల దశ ఇదే. మన చామనఛాయ ఒళ్లలో ఎరుపు సరిగా తెలియదు, అందుకని చేతి వెనక భాగం ఆనించి ఆ చోటు పక్క చర్మం కంటే వెచ్చగా ఉందా, గట్టిపడిందా, మెత్తబడిందా అని కూడా చూడండి. దాన్ని రుద్దకండి. మా ట్రైనింగ్ రోజుల్లో బ్యాక్ కేర్ అంటే స్పిరిట్, పౌడర్ వేసి గట్టిగా మర్దనా చేయడమే, పరీక్షలో మార్కులు కూడా దానికే వేసేవారు. ఇప్పుడు కందిన చోట మర్దనా చేయవద్దనే చెబుతారు, ఎందుకంటే అడుగున అప్పటికే దెబ్బతిన్న సన్నటి రక్తనాళాలు రుద్దుడుకు ఇంకా చితుకుతాయి.

మచ్చకు అసలు కారణం ఆ సాయంత్రపు మూడు గంటలని నా అనుమానం. తల వైపు బాగా ఎత్తితే మనిషి అంగుళం అంగుళం కిందికి జారుతుంది. వీపు చర్మం దుప్పటికి అతుక్కుని అక్కడే ఉండిపోతుంది, లోపలి ఎముక మాత్రం కిందికి జారుతుంది, మధ్యలో కండ, రక్తనాళాలు మెలికపడతాయి. ఆ తర్వాత మీరిద్దరూ చంకల్లో చేతులు వేసి పైకి లాగుతారు, అప్పుడు చర్మం మరోసారి ఒరుసుకుంటుంది. తినిపించేటప్పుడు బాగా ఎత్తాలి, తిన్నాక పొర పోకుండా అరగంట నుంచి గంట దాకా 30 నుంచి 45 డిగ్రీలలో ఉంచాలి, అందులో సందేహం లేదు. మిగతా సమయంలో 30 డిగ్రీలు దాటవద్దు. ఎత్తేటప్పుడు ముందు మోకాళ్ల కింద దిండు పెట్టి ఆ తర్వాతే తల వైపు ఎత్తండి, జారడం చాలా తగ్గుతుంది.

గాలి రింగు కొనకండి. రింగు మధ్యలో ఉన్న చోటు ఖాళీగా ఉన్నట్టే కనిపిస్తుంది గాని, చుట్టూ ఒత్తిడి పడి ఆ మధ్య చర్మానికి రక్తం అందడం తగ్గిపోతుంది.

ఓరుగల్లు_ఫిజియో
సోమవారం, సాయంత్రం 6:05

సిస్టర్ మంచం జరపమన్నారు, నేను మరో కారణం చేత అదే మాట చెబుతాను. ఎడమ వైపు పడిపోయిందంటే దెబ్బ మెదడు కుడి భాగంలో తగిలి ఉంటుంది. అలాంటివారిలో చాలామంది ఎడమ వైపు లోకాన్నే పట్టించుకోరు, కంచంలో ఎడమ సగం అన్నం అలాగే వదిలేస్తారు. ఆ వైపు గోడ పెడితే అటునుంచి ఒక పలకరింపు కూడా రాదు. మందులు ఇవ్వడం, మాట్లాడటం, టీవీ అన్నీ వీలైనంత ఎడమ వైపు నుంచే జరగనివ్వండి.

ఎడమ వైపు ఒత్తిగిలించకూడదేమోనని చాలామంది భయపడతారు. పడుకోబెట్టవచ్చు. అయితే ఎడమ భుజం ఒంటి కింద నలగకుండా, భుజం రెక్క ఎముక వెనక చెయ్యి పెట్టి భుజాన్ని ముందుకు తీసుకురావాలి. తిప్పేటప్పుడు గాని పైకి జరిపేటప్పుడు గాని ఆ చేతిని పట్టుకుని లాగనే లాగకూడదు. కండరాల పట్టు పోయిన భుజం కీలు తేలిగ్గా జారిపోతుంది, ఆ నొప్పి నెలల తరబడి వదలదు. కుడి వైపు తిప్పినప్పుడు పడిపోయిన చేతికి ముందు ఒక దిండు పెట్టి దాని మీద పొడుగ్గా ఆనించండి, మణికట్టు దిండు అంచు నుంచి వేలాడకూడదు.

తిప్పేది నిట్టనిలువుగా పక్కకు కాదు. అలా 90 డిగ్రీలు తిప్పితే బరువంతా తుంటి ఎముక మీద పడి అక్కడ కొత్త పుండు పుడుతుంది. 30 డిగ్రీల వాలు చాలు. భుజం నుంచి పిరుదు దాకా వీపు వెనక దిండు దోపి, మోకాళ్లు కొంచెం మడిచి, మధ్యలో ఒక దిండు పెట్టండి. సరిగా కుదిరిందో లేదో తెలుసుకోవడానికి అరచెయ్యి బోర్లా పెట్టి నడుము దిగువ ఎముక కిందికి పోనివ్వండి. చెయ్యి అడ్డం లేకుండా దూరితే ఆ చోటు మీద బరువు లేనట్టే. పిక్కల కింద పొడుగ్గా దిండు వేసి మడమలు గాలిలో తేలేలా చూడండి.

మస్కట్_రాజు
సోమవారం, రాత్రి 10:40

అక్కగారూ, మా నాన్నగారు రాజమండ్రిలో రెండేళ్లుగా మంచంలోనే ఉన్నారు. ప్రోస్టేటు సమస్యకు ఆపరేషను చేయలేమన్నారు గనుక గొట్టం శాశ్వతం. ఇంటికి వచ్చే నర్సు వారం వారం సెలైనుతో మూత్రాశయం కడుగుతారు, మూత్రం పరీక్షలో క్రిములు కనబడగానే యాంటీబయాటిక్ కోర్సు వాడతాం. ఇంత జాగ్రత్త తీసుకోవడం వల్లనే ఆయన నిలబడ్డారని నా నమ్మకం. మీరు కూడా కడిగించడం మొదలుపెడితే కారడం ఆగుతుంది.

యూరో_పీజీ_విశాఖ
మంగళవారం, ఉదయం 6:25

రాజుగారూ, మీ శ్రద్ధను తప్పు పట్టడం లేదు గాని ఈ రెండు పద్ధతుల గురించీ చెప్పక తప్పదు. గొట్టం లోపల ఉన్నన్నాళ్లూ రోజుకు 3 నుంచి 7 శాతం మందికి చొప్పున కొత్తగా మూత్రంలో క్రిములు చేరుతుంటాయి, నెల దాటేసరికి దాదాపు అందరి మూత్రంలోనూ ఉంటాయి. అవి గొట్టం గోడల మీద జిగురు పొర కట్టుకుని కూర్చుంటాయి, యాంటీబయాటిక్ ఆ పొరను దాటి వాటిని తుడిచిపెట్టలేదు. మీరు వాడిన ప్రతి కోర్సూ బలహీనమైన క్రిములను చంపి మొండివాటిని మిగులుస్తుంది, చివరికి నిజంగా జ్వరం వచ్చిన రోజున మాత్రలు పనిచేయక సూదిమందులకు దిగవలసి వస్తుంది. అందుచేత బాధలేవీ లేనప్పుడు రిపోర్టులో క్రిములు కనబడినంత మాత్రాన మందు వాడకూడదు, అసలు ఆ పరీక్షే చేయించనక్కరలేదు. జ్వరం, చలి, పొత్తికడుపులోనో నడుము పక్కలోనో నొప్పి, కొత్తగా మొదలైన మగత, వీటిలో ఏదైనా ఉంటే అప్పుడు పరీక్ష చేయించాలి. గొట్టం పాతదైతే కొత్తది వేశాక దానిలోంచే నమూనా తీయాలి, సంచిలోంచి తీసిన మూత్రం పరీక్షకు పనికిరాదు.

వారం వారం కడగడానికీ ఇదే అభ్యంతరం. కడిగిన ప్రతిసారీ గొట్టాన్ని సంచి నుంచి విడదీయాలి, మూసి ఉండవలసిన దారి తెరుచుకుంటుంది. ఆపరేషను తర్వాత రక్తం గడ్డలు అడ్డుపడుతున్నప్పుడు డాక్టరు చెప్పి చేయించేది వేరు. బయట మూత్రద్వారం దగ్గర కూడా బెటాడిన్ అక్కరలేదు, రోజుకోసారి, విరేచనమైన ప్రతిసారీ సబ్బు, నీళ్లతో ముందు నుంచి వెనక్కి కడిగితే చాలు. మగవారికి ముందు చర్మం వెనక్కి తీసి కడిగాక దాన్ని మళ్లీ ముందుకు తేవడం మరచిపోకూడదు, మరిచిపోతే అది బిగుసుకుని వాచిపోయి అత్యవసర చికిత్స కావలసి వస్తుంది.

వసంతగారూ, లావు గొట్టం వద్దు. గొట్టం లావును చెప్పే ఫ్రెంచ్ కొలతలో ఒక అంకె అంటే మిల్లీమీటరులో మూడో వంతు. ఆడవారికి సాధారణంగా 14 సరిపోతుంది, 16 దాటవలసిన అవసరం అరుదు. పక్కనుంచి కారితే లావుది, మళ్లీ కారితే ఇంకా లావుది అంటూ పోతే మూత్రమార్గం సాగిపోయి చివరికి ఏ గొట్టమూ నిలవదు. కారడానికి కారణాలు నాలుగైదే. గొట్టం ఎక్కడో నలగడం, లోపల ఉప్పు పేరుకుని మూసుకుపోవడం, మూత్రాశయం ముడుచుకోవడం, ఇన్‌ఫెక్షను, మలబద్ధకం. మీ అమ్మగారికి నాలుగు రోజులుగా విరేచనం కాలేదన్నారు, నిండిన పెద్దపేగు ముందున్న మూత్రాశయాన్ని నొక్కుతుంది. ఈ పూటే మీ డాక్టరును అడిగి విరేచనానికి మందు వేయించండి.

గొట్టం ఎప్పుడు వేశారో, రబ్బరుదో సిలికాన్‌దో డిశ్చార్జి కాగితాల్లో చూడండి. పూత పూసిన రబ్బరుదైతే సుమారు 4 వారాలు, పూర్తి సిలికాన్‌దైతే 12 వారాల వరకు ఉంచవచ్చు, మూసుకుపోతే ముందే మార్చాలి. చివరగా, అన్నిటికంటే ముఖ్యంగా మీ డాక్టరును అడగవలసిన ప్రశ్న ఒకటుంది: ఈ గొట్టం ఇంకా ఎందుకు? స్పృహ సరిగా లేనప్పుడు వేసి ఉంటారు. ఇప్పుడు ఆమె మాట్లాడుతోంది, కావలసింది చెబుతోంది. మూత్రం ఆపుకోలేకపోవడం ఒక్కటే గొట్టం ఉంచడానికి కారణం కాదు. పిరుదుల దగ్గర లోతైన పుండు పడి అది తడవకుండా కాపాడవలసి వస్తే కొన్నాళ్లు ఉంచుతారు, మీకు ఇంకా ఆ పరిస్థితి రాలేదు.

మోకుముత్తాదు
మంగళవారం, ఉదయం 11:15

డాక్టర్లు, సిస్టర్లు రాశాక నేను రాయవచ్చో లేదో తెలియదు, కానీ మంచంలో ఉన్న మనిషి వైపు నుంచి కూడా ఒకరు చెప్పాలి. నేను నల్లగొండ జిల్లాలో కల్లు గీసేవాణ్ణి. 2015 వానాకాలంలో తాటిచెట్టు మీదనుంచి పడ్డాను. ఛాతీ దగ్గర, టీ4 అనే పూస వద్ద వెన్నుపాము దెబ్బతింది, అక్కడినుంచి కిందికి తెలియదు, చేతులు బాగానే పనిచేస్తాయి.

మొదటి ఏడాది ఒక రాత్రి తల పగిలిపోతున్నంత నొప్పి వచ్చింది. ముఖం ఎర్రబడి చెమటలు కారుతున్నాయి, రొమ్ము కింద మాత్రం చర్మం చల్లగా, వెంట్రుకలు నిక్కబొడుచుకుని ఉన్నాయి. ఊళ్లో ఆర్‌ఎంపీని పిలిస్తే బీపీ 190/110 ఉందని మాత్ర నాలుక కింద పెట్టబోయాడు. నాకు మామూలుగా 100/60 కూడా దాటదు. అంతలో నా భార్య దుప్పటి తీసి చూసేసరికి గొట్టం తొడ కింద మడతపడి ఉంది, సంచి ఖాళీగా ఉంది. మడత తీయగానే మూత్రం సంచిలో సగం దాకా దిగింది, నన్ను నిటారుగా కూర్చోబెట్టారు, పది పదిహేను నిమిషాల్లో తలనొప్పి తగ్గింది. వెన్నుపాము ఛాతీ ఆరో పూస దగ్గరగాని అంతకంటే పైన గాని దెబ్బతిన్నవారికి ఇలా జరగవచ్చని, మూత్రాశయం నిండినా, మలబద్ధకం ఉన్నా బీపీ ప్రాణం మీదికి వచ్చేంత పెరుగుతుందని ఆ తర్వాత తెలిసింది. వసంతక్క వాళ్లమ్మగారికి ఇది వర్తించదు, కానీ ఈ చర్చ చదివే వెన్నెముక రోగుల ఇళ్లవాళ్లకు తెలియాలి. ముందు కూర్చోబెట్టండి, బిగుతు బట్టలు వదులు చేయండి, గొట్టం మొదటి నుంచి చివరి దాకా వేలితో తడుముతూ చూడండి, తగ్గకపోతే 108కి ఫోన్ చేయండి.

రెండో మాట మడమల గురించి. రబ్బరు గ్లౌజుల్లో నీళ్లు నింపి మడమల కింద పెట్టమని ఎవరో చెబితే పెట్టాం. ఎడమ మడమ నల్లబడి, ఆ పుండు మానడానికి ఏడు నెలలు పట్టింది. జిల్లా ఆసుపత్రిలో ఆలన అనే ఉపశమన సేవల కేంద్రం నుంచి బండిలో ఇంటికి వచ్చిన సిస్టరు ఆ గ్లౌజులు తీసి అవతల పారేసి, పిక్కల కింద మడతపెట్టిన పాత బొంత పెట్టింది. ఇప్పుడు నాకు శాశ్వతంగా ఉంచే గొట్టం లేదు, రోజుకు ఐదుసార్లు సన్నటి గొట్టంతో నేనే మూత్రం తీసుకుంటాను.

కెంట్_నర్సు
మంగళవారం, మధ్యాహ్నం 2:50

వసంతగారూ, రాత్రిళ్లు ఒక్కరే ఉంటానన్నారు, ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు. రెండు గంటలకోసారి తిప్పాలని మనకు నర్సింగులో మంత్రంలా నేర్పారు, కానీ ఇంట్లో ఒక్క మనిషి రాత్రంతా రెండు గంటలకోసారి లేస్తే నెల తిరక్కుండా ఆ మనిషే మంచం పడుతుంది. నేను పనిచేసే ఇంగ్లండులో 2014లో నైస్ సంస్థ ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, పుండు పడే అవకాశం బాగా ఎక్కువగా ఉన్నవారిని కనీసం 4 గంటలకోసారి, కొంతవరకు ఉన్నవారిని 6 గంటలకోసారి కదపాలి. మంచి పరుపు, 30 డిగ్రీల వాలు, తేలిన మడమలు ఉన్నప్పుడు రాత్రి పూట నాలుగు గంటల విరామం పెట్టుకోవచ్చు, అయితే మచ్చ పూర్తిగా మానేదాకా వెల్లకిలా వద్దు, కుడి ఎడమలే మార్చండి. తెల్లవారి మచ్చ పెరిగినట్టుంటే విరామం తగ్గించండి. గడియారం కంటే చర్మం చెప్పే మాట నమ్మదగినది.

నైట్‌డ్యూటీ_సిస్టర్
మంగళవారం, సాయంత్రం 4:30

కెంట్ సిస్టర్, మా వార్డులో రెండు గంటలు అంటేనే నాలుగు గంటలకు ఒకసారి జరుగుతుంది. నాలుగు అని రాస్తే ఎన్నిటికి జరుగుతుందో నేను చెప్పనక్కరలేదు. అందుచేత పగటి పూట, ఆయమ్మ ఉన్నప్పుడు, రెండు గంటలనే పట్టుకోమంటాను. రాత్రికి మీ మాటే సరి.

ఆ గాలి పరుపు కూడా ఒకసారి పరీక్షించండి, వసంతగారూ. పంపు మీద ఉన్న మీటను అమ్మగారి బరువుకు తగ్గట్టు పెట్టి, ఆమె పడుకుని ఉండగా అరచెయ్యి పైకి చేసి పరుపు కిందికి, సరిగ్గా నడుము దిగువకు పోనివ్వండి. చేతికీ ఎముకకూ మధ్య అంగుళం మందమైనా గాలి ఉన్నట్టు తెలియాలి. ఎముక చేతికి తగిలితే ఆమె పరుపు మీద లేనట్టే, మంచం బల్ల మీద ఉన్నట్టే. దాని మీద రెక్సిన్, దాని మీద బొంత, ఆపైన నాలుగు మడతల దుప్పటి వేస్తే పరుపు కొన్న డబ్బు వృథా, పల్చటి నూలు దుప్పటి ఒక్కటి చాలు.

తిండి కూడా చూసుకోండి. కిడ్నీల సమస్య లేదని డాక్టరు అంటే, 58 కిలోల మనిషికి చర్మం మానడానికి రోజుకు 73 నుంచి 87 గ్రాముల మాంసకృత్తులు కావాలి. గుడ్డు ఒకటి 6 గ్రాములే ఇస్తుంది గనుక గంజి, మజ్జిగతో గడిపితే అందదు.

తెనాలి_వసంత
మంగళవారం, రాత్రి 9:15

58 కిలోలని మీకెలా తెలిసింది సిస్టర్? ఆసుపత్రిలో 61 రాశారు.

నైట్‌డ్యూటీ_సిస్టర్
మంగళవారం, రాత్రి 9:40

తెలియదమ్మా, లెక్క చెప్పడానికి మా అత్తగారి బరువు వేశాను. 61 అయితే 76 నుంచి 92 గ్రాములు.

మస్కట్_రాజు
బుధవారం, ఉదయం 8:00

డాక్టరు గారూ, నిన్న మా నర్సుతో మాట్లాడాను, కడగడం ఆపి చూద్దామన్నారు. ఒక్క అనుమానం మాత్రం తీర్చండి. గత నెలలో నాన్నగారి సంచి, సంచి దాకా వెళ్లే గొట్టం నేరేడుపండు రంగులోకి మారాయి. వీడియో కాల్‌లో చూసి నాకు చేతులు ఆడలేదు. ఆయనకు జ్వరం గాని నొప్పి గాని లేదు.

యూరో_పీజీ_విశాఖ
బుధవారం, మధ్యాహ్నం 1:30

అది చూడటానికి భయంకరంగా ఉంటుంది గాని ప్రమాదం తక్కువ. మలబద్ధకం ఉన్నప్పుడు ఆహారంలోని మాంసకృత్తుల్లో ఉండే ట్రిప్టోఫాన్ పేగులో ఎక్కువసేపు కుళ్లి, కాలేయం ద్వారా ఒక పదార్థంగా మారి మూత్రంలోకి వస్తుంది. అక్కడున్న కొన్ని క్రిములు దాన్ని విడగొడితే నీలిరంగు, ఎరుపు రంగు పుడతాయి, రెండూ కలిసి ప్లాస్టిక్‌కు ఊదా రంగు పట్టిస్తాయి. అందులో నీలం మన నీలిమందు రంగే. గొట్టం, సంచి మార్చి, విరేచనం సాఫీగా అయ్యేలా చూసి, నీళ్లు ఎక్కువ తాగిస్తే పోతుంది. జ్వరం లేకపోతే యాంటీబయాటిక్ అక్కరలేదు.

తెనాలి_వసంత
శుక్రవారం, రాత్రి 8:45

మంచం జరిపాం. మంగళవారం రాత్రి ఎనీమా ఇచ్చాక విరేచనమైంది, బుధవారం నుంచి కారడం బాగా తగ్గి నిన్నటికి ఆగిపోయింది. గొట్టం తొడ మీదుగా తిప్పి అంటించాం, గాడి రెండు రోజుల్లో కనబడకుండా పోయింది. నడుము దగ్గర మచ్చ ఇంకా ఉంది, అయితే నొక్కితే ఇప్పుడు పాలిపోతోంది. రోజూ ఒకే వెలుతురులో, పక్కన రూపాయి బిళ్ల పెట్టి ఫొటో తీస్తున్నాను. ఎడమ వైపు నుంచి పిలిస్తే మొదట్లో అమ్మ కుడి వైపే వెతికింది, నిన్న సాయంత్రం తల తిప్పి నన్నే చూసింది. డాక్టరును గొట్టం ఇంకా ఎందుకని అడిగాను. ఆయన కాగితాలు తిరగేసి, తీసి చూద్దాం, వచ్చే వారం రండి అన్నారు.

యూరో_పీజీ_విశాఖ
శుక్రవారం, రాత్రి 10:20

మంచిది. పొద్దున్నే తీయించుకోండి, సాయంత్రంలోపు సంగతి తేలుతుంది. బెలూన్‌లో నీరంతా సిరంజితో తీశాకే గొట్టం బయటికి తీయాలి, ఇంట్లో ఎవరూ గొట్టాన్ని కత్తిరించి లాగకండి. తీశాక ఆరు గంటల్లోపు మూత్రం రాకపోయినా, పొత్తికడుపు ఉబ్బినా తిరిగి చూపించాలి. మూత్రం పోశాక లోపల ఎంత మిగిలిందో స్కాన్‌లో చూడమని అడగండి.

తెనాలి_వసంత
పది రోజుల తర్వాత, సోమవారం సాయంత్రం 7:10

ఈ రోజు పొద్దున 7 గంటలకు గొట్టం తీశారు. 11:20కి అమ్మే చెప్పింది, బెడ్‌పాన్ పెడితే 220 మి.లీ. వచ్చింది, స్కాన్‌లో 40 మి.లీ. మిగిలిందన్నారు. మూడు గంటలకోసారి మేమే అడిగి బెడ్‌పాన్ పెట్టమన్నారు. సీరియళ్లు మూడింటి నుంచి ఒకటికి తగ్గించినందుకు మాత్రం నా మీద కోపంగా ఉంది. ఒక్క అనుమానం మిగిలింది సిస్టర్. బెడ్‌పాన్ అంచు సరిగ్గా ఆ పాత మచ్చ దగ్గరే ఒరుసుకుంటోంది. ఏం చేయాలి?

నైట్‌డ్యూటీ_సిస్టర్
సోమవారం, సాయంత్రం 7:25

నడుము ఎత్తి కిందికి తోయవద్దు. పక్కకు ఒత్తిగిలించి, బెడ్‌పాన్‌ను పిరుదులకు ఆనించి పట్టుకుని, దానితో సహా వెల్లకిలా తిప్పండి, తీసేటప్పుడు కూడా అలాగే ఒత్తిగిలించి తీయండి. అంచు మీద పాత నూలు చీర ముక్క నాలుగు మడతలు వేసి పరవండి, తడిస్తే మార్చండి. పది నిమిషాలకు మించి ఉంచవద్దు, రాకపోతే తీసేసి అరగంట తర్వాత మళ్లీ పెట్టండి. ఒక వైపు పల్చగా ఉండే ఫ్రాక్చర్ బెడ్‌పాన్ అని మెడికల్ షాపుల్లో అడిగితే ఇస్తారు, అది దొరికితే ఇంకా మేలు.